మా అమ్మ ఏ పద్దులో ఉంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



మాది ఖమ్మం. మా అమ్మకు 63 ఏళ్ళు. మంచం మీద నుంచి లేచి వంటింటి గడప దాకా నడుస్తుంది. అక్కడ తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, ఊపిరి కూడదీసుకుని, అప్పుడు లోపలికి అడుగు పెడుతుంది. పదిహేను అడుగుల దూరం. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ రాత్రంతా బుస్సుమంటూ నడుస్తుంటుంది. నిద్రలో ఆ చప్పుడు ఆగితే ఇంటిల్లిపాదికీ మెలకువ వస్తుంది. కరెంటు పోయిందని మాకు అలా తెలుస్తుంది.

ఆమె జబ్బు పేరు ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్. డాక్టర్లు ఐఎల్‌డీ అంటారు, మా వీధిలోవాళ్ళు ‘లంగ్స్ గట్టిపడ్డాయట’ అంటారు. వీధివాళ్ళ మాటే సరిగ్గా ఉంది. మన ఊపిరితిత్తుల్లో కోట్లాది గాలిబుడగలుంటాయి. వాటి గోడలు ఉల్లిపొర కన్నా ఎంతో పలచన. ఆ గోడల్లో వాపు వచ్చి, మచ్చకట్టి, మందమైతే లోపలికి పీల్చిన గాలిలోని ప్రాణవాయువు నెత్తుట్లోకి దిగదు. ఇది ఒక్క జబ్బు కాదు. రెండు వందలకు పైగా జబ్బులకు కలిపి పెట్టిన ఇంటిపేరు. కీళ్ళవాతం నుంచి రావచ్చు, రాతి దుమ్ము నుంచి రావచ్చు, పావురాల రెట్ట నుంచి రావచ్చు, కొన్ని మందుల వల్ల రావచ్చు. కారణమే దొరకనిదీ ఒకటుంది, దాన్ని ఐపీఎఫ్ అంటారు. 2024 డిసెంబరులో తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌ను తీసుకుపోయింది అదే. ఆ వారం మన పేపర్లన్నీ ఈ జబ్బు గురించి రాశాయి. ఆ తర్వాత మరిచిపోయాయి.

మా అమ్మకు ఈ పేరు చెప్పడానికి మూడేళ్ళు పట్టింది. పొడిదగ్గు, ఆయాసం, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో మచ్చలు. కళ్ళెలో క్రిమి కనపడలేదు, అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు వాడింది. దగ్గు తగ్గలేదు. ఏడాది తిరక్కుండా మరో డాక్టరు మళ్ళీ టీబీ అన్నాడు, మళ్ళీ ఆరు నెలలు. నేను వాళ్ళను నిందించడం లేదు. ప్రపంచంలో టీబీ రోగులు అందరికన్నా ఎక్కువ ఉన్న దేశం మనది. తగ్గని దగ్గు వినగానే వైద్యుడి బుర్రలో ముందు మెదిలేది టీబీయే కావడం సహజం. నన్ను కలచివేసే సంగతి వేరే ఉంది. 2012 నుంచి టీబీ కేసు ఏ ఆసుపత్రిలో తేలినా ప్రభుత్వానికి తెలియజేయాలి, పేరు నిక్షయ్ పోర్టల్లోకి ఎక్కాలి. ఆ నిబంధన మంచిదే. అలా మా అమ్మ రెండుసార్లు ప్రభుత్వ లెక్కకెక్కింది, రెండుసార్లూ తనకు లేని జబ్బు పద్దులో. ఉన్న జబ్బు పద్దులో ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎందుకంటే ఆ పద్దే లేదు.

చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారు స్టెత్ వీపు మీద పెట్టి చాలాసేపు విన్నారు. సీటీ స్కాన్ రాసే ముందు కాగితం, కలం తీసుకుని కూర్చుని అడగడం మొదలుపెట్టారు. “ఇంట్లో పావురాలు వాలతాయా అమ్మా? గోడలకు చెమ్మ ఉందా? కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళు వండారు? మీరు ఏం పని చేసేవారు? కూలర్ వాడతారా?” మూడేళ్ళలో ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. “ఖమ్మంలో కూలర్ లేకుండా ఎట్లా బతుకుతాం సారూ” అంది అమ్మ.

ఇంటికొచ్చాక ఆ రేకు కూలర్ పక్క తలుపు నేనే ఊడదీశాను. తెచ్చిన కొత్తలో గడ్డి బంగారు రంగులో ఉండేది. ఇప్పుడు నల్లగా, ముద్దగా, వేలితో నొక్కితే జిగురు. అడుగున తొట్టిలో పాచి, అంచుల్లో ఉప్పు పేరుకుని తెల్లటి గార. నానబెట్టి మరిచిపోయిన గోనెసంచి వాసన. గడ్డి ఆఖరిసారి ఎప్పుడు మార్పించామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మార్చి నుంచి జూలై దాకా ఆ గాలి సరాసరి అమ్మ ముఖం మీదికి వచ్చేది. ఆయాసంగా ఉందని మంచాన్ని ఇంకా దగ్గరికి జరిపింది కూడా నేనే. ఆ గదిలోనే పడుకున్న నాకేమీ కాలేదు. ఈ జబ్బు తీరే అంత. బూజు కణాలు అందరి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తాయి, కొందరి ఒంట్లో రోగనిరోధక శక్తి వాటి మీద తిరగబడి, ఆ యుద్ధంలో తన గోడల్నే పాడుచేసుకుంటుంది. దాని పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. మొదట్లోనే కనిపెట్టి ఆ గాలికి దూరం చేస్తే చాలామందిలో వెనక్కి మళ్ళుతుంది. మచ్చకట్టాక మళ్ళదు. మా అమ్మకు మచ్చకట్టింది.

అప్పటి నుంచి ఈ జబ్బు మీద దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక్కటి తెలిసింది. ఏ దేశం కూర్చుని లెక్కపెట్టిందో ఆ దేశానికి తన ఇంట్లోని కారణం తన చేతికి దొరికింది. లెక్కపెట్టని చోట కారణం ఇంట్లోనే తిరుగుతూ ఉంది.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో బెర్నలీయో అనే కౌంటీ ఉంది. 1988లో అక్కడ ఈ జబ్బులకు ఒక రిజిస్టరు తెరిచారు. ఆసుపత్రి రికార్డులు, డాక్టర్ల దగ్గరి కేసులు, మరణ ధ్రువపత్రాలు, అన్నీ జల్లెడ పట్టారు. లక్ష మంది వయోజన పురుషుల్లో దాదాపు 81 మందికి, స్త్రీలలో 67 మందికి ఉందని తేలింది. అంతకు ముందు ఇది చాలా అరుదైన జబ్బు అనుకునేవారు. వాళ్ళు శవపరీక్షల నివేదికలు కూడా చూశారు. 510 శవాల్లో నూటికి ఇద్దరికి కాస్త తక్కువగా, బతికుండగా ఎవరూ గుర్తించని ఐఎల్‌డీ కనిపించింది. ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గ్రీసులో ఛాతీ వైద్య విభాగాల నుంచి ఫారాలు తెప్పించి లెక్కేస్తే లక్షకు 17 మంది తేలారు. ప్యారిస్ పక్కనున్న సెన్-సెంట్-డెనీ జిల్లాలో 2012 సంవత్సరానికి వెతికితే లక్షకు దాదాపు 98. గ్రీసు గాలి అంత శుభ్రమనీ, ప్యారిస్ శివారు గాలి అంత చెడ్డదనీ దీనికి అర్థం కాదు. వల కన్ను ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ చేపలు పడతాయి. ప్యారిస్ వాళ్ళు ఆ జిల్లా ఆసుపత్రులతో పాటు బయటి ఆసుపత్రుల్లో చూపించుకున్న జిల్లావాసుల్నీ, బీమా రికార్డుల్లో ఉన్నవారినీ వెతికి పట్టుకున్నారు. పైగా ఆ జిల్లాలో ఆఫ్రికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ. సార్కాయిడోసిస్ అనే రకం వారిలో ఎక్కువగా కనిపించింది. మొత్తం కేసుల్లో అదే నూటికి 42. మనుషుల పుట్టుక, వాళ్ళు పీల్చే గాలి, వాళ్ళను వెతికే తీరు, ఈ మూడూ కలిసి ఒక దేశపు అంకె అవుతాయి.

మంత్రిగారూ, ఒక్క చిన్న లెక్క చూడండి. మన రెండు రాష్ట్రాల్లో ఓటర్లే 7 కోట్లు దాటారు. గ్రీసు రేటు వేస్తే 12 వేల మంది రోగులు. ప్యారిస్ శివారు రేటు వేస్తే 68 వేలు. ఈ రెంటిలో ఏదీ మన అంకె కాదు. 12 వేలకూ 68 వేలకూ మధ్య ఎక్కడ ఉన్నామో తెలియకుండా ఎన్ని ఆక్సిజన్ మిషన్లు కొనాలో, ఎందరు వైద్యులకు శిక్షణ ఇవ్వాలో మీ శాఖ ఎలా తేలుస్తుంది?

జపాన్ సంగతి మరీ ముచ్చటగా ఉంది. ఎండాకాలంలో దగ్గు, జ్వరం వచ్చి, ఆసుపత్రిలో చేరితే తగ్గి, ఇంటికి వెళ్తే తిరగబెట్టే రోగులు అక్కడ ఏటా కనిపించేవారు. దేశమంతా కేసులు పోగేసి చూస్తే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ రోగుల్లో నూటికి 70 మందికి పైగా ఈ ‘వేసవి రకం’ వాళ్ళే. పాత చెక్క ఇళ్ళలో చెమ్మ పట్టిన మూలల్లో పెరిగే ట్రైకోస్పోరాన్ అనే బూజు దానికి మూలం. కుళ్ళిన చెక్క తీసేసి ఇల్లు బాగుచేస్తే జబ్బు ఆగేది. ఆ ఇళ్ళను ఏళ్ళ తరబడి చూస్తున్నవాళ్ళకు తట్టని సంగతి, కేసులు ఒక్కచోట పోగుపడ్డాక బయటపడింది.

దక్షిణ కొరియా కథ మాత్రం కడుపు తరుక్కుపోయేలా ఉంటుంది. చలికాలంలో అక్కడ ఇళ్ళలో గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్లు వాడతారు. నీళ్ళు పాచిపట్టకుండా అందులో కలిపే క్రిమిసంహారకాన్ని 1994 నుంచి అమ్మేవారు. శుభ్రత కోసం, పసిపిల్లల కోసం కొనేవారు. 2006లోనే పిల్లల వైద్యులు ప్రతి వసంతంలో అంతుపట్టని ఊపిరితిత్తుల జబ్బుతో పిల్లలు రావడం గమనించారు. ఏదో వైరస్ అనుకున్నారు. 2011 వసంతంలో గర్భిణులు, బాలింతలు వరసగా సియోల్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూకు చేరేసరికి ప్రభుత్వం అంటువ్యాధుల విచారణ బృందాన్ని దించింది. జబ్బుపడ్డవాళ్ళనూ పడనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి, ఇంట్లో ఏం వాడతారని ఒక్కొక్కటే అడుగుతూ పోయారు. ఆగస్టు 31న ఆ ద్రవం వాడొద్దని ప్రకటించారు, నవంబరులో సరుకు వెనక్కి తెప్పించారు. కొత్త కేసులు ఆగిపోయాయి. అప్పటికి 17 ఏళ్ళు గడిచాయి. తర్వాతి కాలంలో ఆ ప్రభుత్వం బాధితులుగా గుర్తించినవారే 5 వేలు దాటారు. 2006లోనే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎందరు తల్లులు మిగిలేవారో.

ఇస్తాంబుల్‌లోని చిన్న చిన్న షెడ్లలో జీన్స్ ప్యాంట్లకు పాతబడ్డ రంగు రావడానికి ఇసుక చిమ్మేవారు. ఆ పని చేసిన కుర్రాళ్ళు ఇసుక దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌తో ఊళ్ళకు తిరిగొచ్చి చనిపోతుంటే అక్కడి ఛాతీ వైద్యులు లెక్క తీశారు. 2009లో తుర్కియే ఆ పద్ధతిని నిషేధించింది. వంటింటి గట్టు మీద పరిచే కృత్రిమ క్వార్ట్జ్ రాయి కోసేవాళ్ళను పరీక్షలు చేసి లెక్కించిన ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. మన అపార్ట్‌మెంట్లలో అదే రకం రాయిని ముక్కుకు రుమాలు కట్టుకుని, నీళ్ళు చల్లకుండా కటింగ్ మిషన్‌తో కోస్తుంటే తెల్లటి దుమ్ములో మనిషి కనపడడు. ఆ మనిషి పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

మన దేశం అసలు లెక్కే పెట్టలేదని నేను అనను. 2012 నుంచి 2015 దాకా 19 నగరాల్లో 27 ఆసుపత్రులు కలిసి ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీ నడిపాయి. 1,084 మంది రోగులు. అందులో నూటికి 47 మందికి మా అమ్మకున్న హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఉందని తేలింది. వాళ్ళలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ గాలి పీల్చినవారే. యూరప్, అమెరికా పుస్తకాల్లో ఎక్కువగా కనపడే ఐపీఎఫ్ ఇక్కడ నూటికి 14 దాకానే ఉంది. కూలర్ ప్రశ్న అడగాలన్న ఆలోచన ఆ రిజిస్ట్రీ ఇచ్చిన వరం. హైదరాబాద్ డాక్టరుగారు అడిగిన ఐదో ప్రశ్న అదే కదా.

అయితే చండీగఢ్ పీజీఐ వైద్యులు 2015 నుంచి 2017 దాకా తమ దగ్గరికి వచ్చిన 803 మందిని లెక్కిస్తే సార్కాయిడోసిస్ నూటికి 42, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ 11 మాత్రమే. ఒకే దేశం, రెండేళ్ళ తేడా, రెండు వేర్వేరు చిత్రాలు. ఎవరిది తప్పు అంటే ఎవరిదీ కాదు. ఏ ఆసుపత్రికి ఏ రకం రోగులను పంపుతారు, బ్రాంకోస్కోపీతో ముక్క తీసి చూస్తారా లేక సీటీ మీదే నిర్ణయిస్తారా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని లెక్కపెడితే గుమ్మం దాకా రాగలిగినవాళ్ళే తేలతారు. రానివాళ్ళు ఊళ్ళలోనే టీబీ మందులు మింగుతూ ఉంటారు.

ఊళ్ళలోకి వెళ్ళి లెక్కపెట్టడం మనకు చేతకాని పని కాదు. 1950లలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు చుట్టూ ఉన్న పల్లెలన్నీ తిరిగి, జనానికి ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతమందికి ఉందో లెక్కగట్టారు. క్షయ పరిశోధన చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ మదనపల్లె పేరు తలుస్తారు. మన మట్టి మీద, ఇన్ని రోడ్లు లేని రోజుల్లో, కంప్యూటర్ అన్న మాట వినని రోజుల్లో చేశారు.

మన ప్రాంతంలో అడగాల్సిన ప్రశ్నలు పుస్తకంలో ఉండవు. మన పనుల్లోంచి రావాలి. మనలో చాలామంది ఓనమాలు దిద్దింది మార్కాపురం పలకల మీద. ఆ పలక రాయి కోసిన చేతుల యజమానులు ఏమయ్యారు? చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, ఊరూరా కంకర మిల్లులు, గుంటూరు మిర్చి యార్డు, ఆదోని జిన్నింగు మిల్లులు, దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు, రైస్ మిల్లుల ఊక దుమ్ము, కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్ళు కూర్చున్న ఆడవాళ్ళు. బూజుపట్టిన మిరపకాయలు చీల్చే పనివాళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని యూరప్ వైద్యులు ఏనాడో రాశారు, ఆ జబ్బుకు పేరు కూడా పెట్టారు. మిర్చికి ఆసియాలోనే పేరుపడ్డ మార్కెట్ మనదై ఉండి, తొడిమలు తీసే కూలీల ఊపిరిని మనం కొలిచి చూడాలి కదా. ఏమీ లేదని తేలితే అంతకన్నా కావాల్సింది లేదు. హైదరాబాద్‌లో పావురాలకు గింజలు చల్లడం పుణ్యమని నమ్మేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ బాల్కనీకి వల కట్టుకున్న ఇళ్ళు వీధికి పది కనపడుతున్నాయి. ముంబయిలో 2025లో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాల మూసివేత గొడవ కోర్టుకెక్కింది. మన దగ్గర ఆ గొడవ వచ్చేనాటికి చేతిలో మన అంకెలు ఉంటే తీర్పు తేలిక.

సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. అయినా ఫ్యాక్టరీ అనిపించుకోని షెడ్డులో పనిచేసిన కూలీ ఆ చట్టం కంటికి ఆనేవాడు కాదు. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, జబ్బు నిర్ధారణ అయినవారికి పరిహారం ఇస్తోంది. పరిహారం ఉందనగానే వేల మంది పరీక్షకు వచ్చి నమోదయ్యారు. జపాన్‌లో హొక్కైడో దీవి వైద్యులు ఐపీఎఫ్ రోగుల లెక్క తీసింది కూడా ఇలాగే. మొండి జబ్బులకు అక్కడి ప్రభుత్వం వైద్య ఖర్చు భరిస్తుంది, ఆ సాయానికి దరఖాస్తు చేసుకున్న 553 మంది కాగితాల నుంచే లక్షకు 10 మంది అన్న అంకె పుట్టింది. జబ్బు తేలిగ్గా ఉన్నవారికి సాయం రాదు కాబట్టి వాళ్ళు అందులో లేరని కూడా వాళ్ళే రాసుకున్నారు. మరణాల్లో నూటికి 40 జబ్బు ఒక్కసారిగా ముదరడం వల్లేనని ఆ కాగితాలే చెప్పాయి. అంటే సాయమూ లెక్కా ఒకే కాగితం మీద నడుస్తాయి.

మన చేతిలో 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. పేరు మారినా, రాష్ట్రం విడిపోయినా ఆ యంత్రాంగం రెండు చోట్లా నడుస్తూనే ఉంది. ఇంట్లో ఉండి జీవితాంతం వేసుకోవాల్సిన పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ లాంటి మందులకూ, ఇంటి ఆక్సిజన్‌కూ ఆ పథకం కింద సాయం ఇవ్వండి. దరఖాస్తుతో పాటు తెలుగులో రెండు పేజీల ప్రశ్నల కాగితం జత చేయించండి. ఏ ఊరు, ఏ పని, ఎన్నేళ్ళు, ఏ పొయ్యి, ఏ కూలర్, ఏ పిట్ట. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో, విశాఖ ఛాతీ ఆసుపత్రిలో, ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ పల్మనాలజీ విభాగంలో ఆ కాగితం నింపే మనిషిని ఒకర్ని కూర్చోబెట్టండి. పెద్ద భవనం అక్కర్లేదు, శిలాఫలకం అక్కర్లేదు. ఒక జిల్లాను ఎంచుకుని ప్యారిస్ వాళ్ళు చేసినట్టు మూలమూలా వెతికిస్తే మిగతా జిల్లాల అంకెను సరిచూసుకోవడానికి కొలబద్ద దొరుకుతుంది. ఆ జిల్లా ప్రకాశమైతే మంచిదని నా మనవి. రాయి, పొగాకు, ఎండ, అన్నీ అక్కడ ఉన్నాయి.

ఇంకొక్క మాట. కళ్ళెలో క్రిమి దొరకని రోగికి రెండోసారి టీబీ మందులు మొదలుపెట్టే ముందు సీటీ తీయించాలని, వీపు మీద స్టెత్ పెట్టి ఊపిరితిత్తుల అడుగుభాగం వినాలని టీబీ కార్యక్రమంలోని వైద్యులందరికీ ఒక సర్క్యులర్ పంపండి. ఈ జబ్బుంటే చాలాసార్లు అక్కడ వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు చిటపట చప్పుడు వినపడుతుంది. అది వినడానికి డబ్బు ఖర్చు లేదు. మా అమ్మ వీపు మీద ఆ చప్పుడు మూడేళ్ళ పాటు వినేవాళ్ళ కోసం ఎదురుచూసింది.

కూలర్ గడ్డిని నేను పెరట్లో కాల్చేశాను. అమ్మ గదిలో ఇప్పుడు ఫ్యాన్ ఒక్కటే. ఖమ్మంలో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మా వీధిలో 22 ఇళ్ళుంటే 17 ఇళ్ళ కిటికీలకు కూలర్లున్నాయి. నేను వెళ్ళి గడ్డి మార్చుకోమని, తొట్టి కడుక్కోమని చెప్పి వచ్చాను. ఆరుగురు మార్చుకున్నారు. నా చేతనైంది ఆ వీధి వరకే. మిగతా ఊళ్ళు మీ చేతిలో ఉన్నాయి. వచ్చే మార్చిలో అటకల మీది కూలర్లు కిందికి దిగేలోగా ఆ రెండు పేజీల కాగితం అచ్చు వేయించండి. మొదటి కాగితం మీద మా అమ్మ పేరు రాయించడానికి ఆమెను నేను తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక రోగి కూతురు,
ఖమ్మం